గొట్టం తీసేశారు, జ్వరానికి మందు ఇస్తున్నారు - ఇక స్కానింగులు ఎందుకు?



ఈ పాఠం ముఖ్యంగా మూడు రకాల కుటుంబాల కోసం రాస్తున్నాను. మెడ దగ్గర గొట్టం ద్వారా డయాలసిస్ చేయించుకునేవారు, క్యాన్సర్ మందులు ఎక్కించడానికి పోర్టు గాని, చేతిలో పిక్ లైను గాని పెట్టించుకున్నవారు, ఐ.సి.యు.లో ఉన్న తమవారి కోసం వరండాలో కూర్చుని ఎదురు చూసేవారు. వీరు తరచుగా మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది.

"సిస్టర్ గారూ, గొట్టం వల్ల రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చిందన్నారు. సరే, గొట్టం తీసేశారు. ఇంజెక్షన్లు చేస్తున్నారు. మళ్ళీ గుండెకు ఎకో ఎందుకు? నడుముకు ఎం.ఆర్.ఐ. ఎందుకు? జబ్బు తెలిసిపోయింది కదా!"

ఇది న్యాయమైన ప్రశ్న. ప్రతి పరీక్షకూ డబ్బు అవుతుంది. రోగిని స్ట్రెచర్ మీద అటూ ఇటూ తిప్పాలి. అయితే ఈ ప్రశ్నకు జవాబు తెలియక స్కానింగు వద్దని సంతకం పెట్టి ఇంటికి వెళ్ళిపోయేవారు ఉంటారు. అందుకే ఈ విషయాన్ని వివరంగా తెలుసుకుందాం.

ఈ గొట్టం మామూలు సెలైన్ సూది కాదు

చేతికి పెట్టే చిన్న సెలైన్ సూది పైపైన ఉన్న సన్నని సిరలో ఉంటుంది. ఇప్పుడు మనం మాట్లాడుకునే గొట్టం అలాంటిది కాదు. మెడలో నుండి గాని, గజ్జల్లో నుండి గాని, చేతి పైభాగంలో నుండి గాని పెద్ద సిరలోకి పంపుతారు. మెడ గొట్టం కొన గుండెకు చాలా దగ్గరగా ఉంటుంది. దీనినే సెంట్రల్ లైను అంటాము. డయాలసిస్ వారికి కొన్ని వారాలు, నెలలు ఉంచవలసి వచ్చినప్పుడు ఛాతీ చర్మం కింద నుండి తీసుకువెళ్ళి పెట్టే గొట్టాన్ని పర్మ్‌క్యాత్ అని పిలుస్తారు.

ఈ గొట్టానికీ ఎక్స్ రేకూ ఉన్న సంబంధం మొదటి రోజు నుండే ఉన్నది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె పట్టణంలో వెర్నర్ ఫోర్స్‌మాన్ అనే యువ డాక్టరు, చేతి సిరలో నుండి గుండె దాకా గొట్టం పంపవచ్చని నమ్మాడు. పై అధికారి వద్దన్నాడు. పరికరాల బాధ్యత చూసే గెర్డా డిట్‌జెన్ అనే నర్సు, కావాలంటే నా మీదే ప్రయత్నించండి అని ముందుకు వచ్చింది. ఆయన ఆమెను బల్లకు కట్టేసి, గొట్టాన్ని మాత్రం తన చేతిలోకే ఎక్కించుకున్నాడు. 65 సెంటీమీటర్ల వరకు పంపి, ఎక్స్ రే గదికి నడిచి వెళ్ళి, గొట్టం కొన గుండెలోకి చేరిందని ఫోటో తీయించి చూపించాడు. 1956లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఈ రోజు కూడా మెడలో గొట్టం పెట్టిన తరువాత ఛాతీ ఎక్స్ రే తీసేది ఇందుకే. కొన సరైన చోట ఉందా, ఊపిరితిత్తికి ఏమైనా గుచ్చుకుందా అని చూడడానికి.

క్రిములు లోపలికి ఎలా చేరతాయి?

రెండు ముఖ్యమైన దారులున్నాయి. ఒకటి, గొట్టం చర్మంలోకి దిగే చోట. చర్మం మీద ఉన్న క్రిములు గొట్టాన్ని పట్టుకుని లోపలికి పాకుతాయి. రెండవది, గొట్టం మూత. మందు ఎక్కించేటప్పుడు, డయాలసిస్ యంత్రానికి కలిపేటప్పుడు చేతులు శుభ్రంగా లేకపోతే క్రిములు గొట్టం లోపలి భాగంలో చేరతాయి.

చేరిన క్రిములు ఊరికే ఉండవు. గొట్టం గోడకు అంటుకుని, తమ చుట్టూ జిగురు పొర కట్టుకుంటాయి. మన ఇళ్ళలో నీళ్ళ తొట్టికి పాచి పట్టినట్టే అనుకోండి. తొట్టిలో నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోసినా పాచి పోదు. కొద్ది రోజులకు నీళ్ళు మళ్ళీ వాసన వస్తాయి. అలాగే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రక్తంలో తిరిగే క్రిములను చంపుతాయి గాని, గొట్టానికి పట్టిన పాచిలో దాగిన క్రిములను పూర్తిగా చంపలేవు. అందుకే చాలా సందర్భాల్లో గొట్టం తీసేయవలసి వస్తుంది.

మరి గొట్టం తీసేస్తే పని అయిపోయినట్టేనా? చాలామందికి అయిపోతుంది. కొందరికి మాత్రం కాదు. ఎందుకంటే గొట్టం తీసేలోపే క్రిములు రక్తంతో పాటు ప్రయాణించి వేరే చోట దిగి ఉండవచ్చు. ఆ చోటును వెదకడానికే స్కానింగులు.

ముందు రక్త పరీక్ష, తరువాతే స్కానింగు

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉందా లేదా అనేది ఏ స్కానింగూ చెప్పలేదు. అది చెప్పేది బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ మొదలు పెట్టకముందే, వీలైతే గొట్టం నుండి ఒకటి, చేతి సిర నుండి ఒకటి, రక్తం తీసి సీసాలలో ల్యాబుకు పంపుతాము. గొట్టం నుండి తీసిన సీసాలో క్రిములు రెండు గంటలో అంతకంటే ఎక్కువో ముందుగా పెరిగితే, గొట్టమే మూలమని డాక్టరు గట్టిగా అనుమానిస్తారు. "ఒకసారి రక్తం తీశారు కదా, మళ్ళీ రెండోసారి ఎందుకు" అని దయచేసి విసుక్కోకండి. ఆ రెండు సీసాలనూ పోల్చి చూస్తేనే ఈ సంగతి తెలుస్తుంది.

ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు వేసుకుని వస్తే కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు. అప్పుడు ఏ క్రిమో తెలియదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు. చలి జ్వరం వస్తే మాత్రలు వేసుకోకుండా నేరుగా ఆసుపత్రికి రండి.

ఎవరికి వెదకాలి?

గొట్టం ఇన్‌ఫెక్షన్ వచ్చిన ప్రతి ఒక్కరికీ అన్ని స్కానింగులూ చేయరు. డాక్టరు ఈ క్రింది గుర్తులు చూసి నిర్ణయిస్తారు.

1. సరైన యాంటీబయాటిక్ మొదలు పెట్టి మూడు రోజులు గడిచినా జ్వరం తగ్గకపోవడం.
2. మందు మొదలు పెట్టాక మళ్ళీ తీసిన కల్చర్‌లో కూడా క్రిమి పెరగడం.
3. కల్చర్‌లో స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి గాని, కాండిడా అనే ఫంగస్ గాని రావడం. ఇవి రక్తం నుండి దిగి వేరే చోట స్థిరపడే అలవాటు ఉన్నవి.
4. రోగికి కృత్రిమ గుండె వాల్వు, పేస్‌మేకర్ ఉండడం.
5. కొత్త బాధ మొదలు కావడం. చేయి లేక మెడ వాపు, ఛాతీ నొప్పి, ఆయాసం, నడుము నొప్పి, కాళ్ళలో బలం తగ్గడం, చూపు మసకబారడం.

ఐదవ దానిలో మీ సాయం చాలా అవసరం. రోగి పక్కన రాత్రంతా ఉండేది మీరు. "పక్కకు తిరగాలంటే నడుము పట్టేస్తోందట" అని మీరు చెప్పిన ఒక్క మాట డాక్టరుకు దారి చూపించవచ్చు.

ఎక్కడ వెదుకుతారు? దేనితో వెదుకుతారు?

సిరలో: గొట్టం ఉన్న సిరలో రక్తం గడ్డ కట్టి, ఆ గడ్డకే క్రిములు పట్టవచ్చు. దీనికి డాప్లర్ స్కానింగు చేస్తారు. చర్మం మీద జెల్లీ రాసి చిన్న పరికరంతో నొక్కుతారు. మంచి సిర నొక్కగానే చదునుగా అణిగిపోతుంది. గడ్డ ఉన్న సిర అణగదు. నొప్పి ఉండదు, ఎక్స్ రే కిరణాలూ ఉండవు. అయితే కాలర్ ఎముక వెనుక, ఛాతీ లోపల ఉన్న సిరలు దీనిలో సరిగా కనపడవు. అక్కడ అనుమానం ఉంటే సి.టి. స్కాను అవసరమవుతుంది.

గుండెలో: సిరల రక్తమంతా చేరేది గుండెకే. క్రిములు గుండె వాల్వులకు అంటుకుంటే ఎండోకార్డైటిస్ అనే తీవ్రమైన జబ్బు వస్తుంది. వాల్వు మీద చిన్న మొలకల్లాంటి గడ్డలు లేస్తాయి. వీటిని ఎకో పరీక్షలో చూస్తారు. శబ్ద తరంగాలతో గుండెను చూసే ఈ పద్ధతిని 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఇంగే ఎడ్లర్ అనే డాక్టరు, హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి మొదలు పెట్టారు. మామూలు ఎకో ఛాతీ మీద నుండి చేస్తారు. దానిలో చిన్న గడ్డలు కనపడకపోవచ్చు. అందుకని అనుమానం బలంగా ఉంటే నోటి ద్వారా అన్నవాహికలోకి సన్నని పరికరం పంపి గుండెను వెనుక నుండి చూస్తారు. దీనినే టీ.ఈ.ఈ. అంటారు. దీనికి కొన్ని గంటలు ఏమీ తినకుండా, తాగకుండా ఉండాలి. కట్టుడు పళ్ళు తీసేయాలి. గొంతుకు తిమ్మిరి మందు చల్లుతారు, మగతకు ఇంజెక్షన్ ఇస్తారు. మొదటి ఎకో బాగానే ఉన్నా, అనుమానం తీరకపోతే ఐదారు రోజుల తరువాత మళ్ళీ చేయమంటారు. గడ్డ పెరిగి కనపడడానికి సమయం పడుతుంది గనుక.

ఊపిరితిత్తులలో: సిరలోని గడ్డ నుండి గాని, గుండె కుడి వైపు వాల్వు నుండి గాని ముక్కలు ఊడి ఊపిరితిత్తులకు కొట్టుకుపోవచ్చు. దగ్గు, ఛాతీలో పోటు, ఆయాసం వస్తాయి. ఎక్స్ రేలో మామూలు న్యుమోనియాలా కనపడవచ్చు, అసలు ఏమీ కనపడకపోవచ్చు. సి.టి.లో మాత్రం ఊపిరితిత్తుల అంచుల దగ్గర గుండ్రని మచ్చలు అనేకం కనిపిస్తాయి. కొన్నిటిలో గుల్ల కూడా పడుతుంది. మన దేశంలో గుల్ల అనగానే క్షయ గుర్తుకు వస్తుంది. క్షయ కూడా కావచ్చు, కళ్ళె పరీక్ష చేయాల్సిందే. కాని ఈ మధ్య మెడలో గొట్టం ఉండేది అన్న సంగతి కొత్త డాక్టరుకు చెప్పడం మాత్రం మరువకండి. ఆ ఒక్క మాటతో ఆలోచన మారుతుంది.

వెన్నెముకలో: క్రిములు వెన్నుపూసల మధ్య డిస్కులో దిగితే మొండి నడుము నొప్పి వస్తుంది. పడుకున్నా, రాత్రిపూట కూడా తగ్గదు. మామూలు ఎక్స్ రే మొదటి కొన్ని వారాలు బాగానే ఉన్నట్టు కనపడుతుంది. ఎముక కొంత తినేసిన తరువాతే అందులో తేడా తెలుస్తుంది. ఎం.ఆర్.ఐ.లో చాలా ముందుగా తెలుస్తుంది. నడుము నొప్పితో పాటు కాళ్ళు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము పక్కన చీము చేరి ఉండవచ్చు. అది రేపటి వరకు ఆగే పని కాదు. అదే రోజు, అదే గంటలో చెప్పాలి.

పొట్టలో, మెదడులో, కంటిలో: ప్లీహం, కాలేయం, మూత్రపిండాలలో చీము గడ్డల కోసం అల్ట్రాసౌండ్ గాని సి.టి. గాని చేస్తారు. ఎండోకార్డైటిస్ ఉన్నవారికి మాట తడబడినా, చేయి పడిపోయినా మెదడు స్కాను అవసరం. కాండిడా ఫంగస్ వచ్చినవారికి కంట్లో చుక్కల మందు వేసి కంటి డాక్టరు లోపలి పొరను చూస్తారు. అక్కడ ఫంగస్ దిగితే చూపు పోయే ప్రమాదం ఉంది.

పెట్ సి.టి.: ఎక్కడ వెదికినా దొరకక, జ్వరం మాత్రం పోనప్పుడు పెద్ద నగరాలలో ఈ పరీక్షకు పంపుతారు. ఇది అందరికీ అవసరం లేదు.

స్కానింగు వల్ల మారేది ఏమిటి?

అసలు విషయం ఇక్కడే ఉంది. ఉదాహరణగా ఒకరిని ఊహించుకుందాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎక్కువని మనందరికీ తెలుసు. అక్కడి ఒక రైతు, వయసు 50, మెడ గొట్టంతో వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాడనుకోండి. డయాలసిస్ మొదలైన అరగంటకు చలి, వణుకు. ఇంటికి వెళ్ళి పారాసిటమాల్ వేసుకున్నాడు, తగ్గింది. మళ్ళీ డయాలసిస్ రోజున అదే వణుకు. ఇలా మూడుసార్లయ్యాక కల్చర్ తీస్తే స్టాఫ్ ఆరియస్ వచ్చింది. గొట్టం తీశారు, మందు మొదలు పెట్టారు, రెండో రోజుకే జ్వరం లేదు. ఇంటికి వెళ్ళిపోతానన్నాడు.

మూడో రోజు తీసిన కల్చర్‌లో మళ్ళీ క్రిమి కనపడింది. టీ.ఈ.ఈ.లో గుండె బాగుంది. మంచం మీద తిరగాలంటే నడుము పట్టేస్తోందని భార్య చెప్పింది. ఎం.ఆర్.ఐ. తీస్తే నడుములో రెండు వెన్నుపూసల మధ్య ఇన్‌ఫెక్షన్!

ఇప్పుడు లెక్క చూడండి. క్రిమి ఎక్కడా దిగలేదని తేలితే, కల్చర్ శుభ్రమైన రోజు నుండి కనీసం 14 రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు. గుండె వాల్వుకు గాని, సిరలో గడ్డకు గాని పడితే 4 నుండి 6 వారాలు. వెన్నెముకలో దిగితే కనీసం 6 వారాలు. ఎం.ఆర్.ఐ. తీయకపోతే ఈ రైతుకు రెండు వారాలకే మందు ఆపేసేవారు. డిస్కులో మిగిలిన క్రిమి మళ్ళీ లేచి, నడుము కూలి, కాళ్ళు పడిపోయే దాకా వెళ్ళవచ్చు. ఒక్క స్కానింగు మందు ఎన్ని రోజులో మార్చింది. డయాలసిస్ వారికి ఇంకొక సౌకర్యం కూడా ఉంది. కొన్ని యాంటీబయాటిక్‌లను డయాలసిస్ చివర్లో ఇవ్వవచ్చు గనుక ఆ ఆరు వారాలూ ఆసుపత్రిలోనే ఉండవలసిన పని ఉండకపోవచ్చు.

మీరు అడిగే సందేహాలు

ఇన్ని స్కానింగులతో కిరణాలు ఒంటికి పట్టవా?
డాప్లర్, ఎకో శబ్ద తరంగాలతో, ఎం.ఆర్.ఐ. అయస్కాంతంతో పనిచేస్తాయి. వీటిలో ఎక్స్ రే కిరణాలు లేవు. ఎక్స్ రే, సి.టి., పెట్ సి.టి.లలో రేడియేషన్ ఉంటుంది. అవసరమైనప్పుడే చేస్తారు. గర్భం అయి ఉండవచ్చన్న అనుమానం ఉంటే తప్పక ముందే చెప్పండి.

సి.టి. రంగు మందు కిడ్నీలకు చెరుపు కాదా?
కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి జాగ్రత్త అవసరం. అందుకే ముందుగా క్రియాటినిన్ చూస్తారు. షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర గురించి, ఇంతకుముందు ఏ మందుకైనా దద్దురు, ఆయాసం వచ్చి ఉంటే దాని గురించి చెప్పండి. ఎం.ఆర్.ఐ. రంగు మందులలో కొన్ని పాత రకాలు కిడ్నీ చెడినవారికి చర్మం గట్టిపడే జబ్బు తెచ్చాయని 2006లో బయటపడింది. ఇప్పుడు వాడే కొత్త రకాలలో ఆ ప్రమాదం చాలా తక్కువ. డయాలసిస్ రోగి అని అక్కడి సిబ్బందికి తెలియజేస్తే చాలు.

ఎం.ఆర్.ఐ.కి ముందు ఏమి చెప్పాలి?
పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో అమర్చిన యంత్రం, కంటిలో ఇనుప రజను ఉంటే చెప్పాలి. మంగళసూత్రం, పిన్నులు, గాజులు, తాళం చెవులు, సెల్‌ఫోను, అన్నీ బయటే ఉంచాలి.

స్కానింగు బాగుందంటే ఇక భయం లేనట్టేనా?
ఆ రోజుకు కనపడలేదని అర్థం. బాధ కొనసాగితే మళ్ళీ చూడవలసి ఉంటుంది. ఫిల్ములు, సీడీలు, కల్చర్ రిపోర్టులు అన్నీ తేదీల వారీగా ఒకే ఫైలులో పెట్టుకోండి. రెండో స్కాను చదివే డాక్టరు మొదటి దానితో పోల్చి చూస్తారు.

అసలు రాకుండా చూసుకోవడం

2006లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐ.సి.యు.లలో డాక్టర్ పీటర్ ప్రొనోవోస్ట్ బృందం చేసిన పని ఫలితాలు ప్రచురించారు. వారు కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. ఐదు పనులు తప్పక చేయమన్నారు. చేతులు కడగడం, గొట్టం పెట్టేటప్పుడు మాస్కు, గౌను, గ్లోవ్స్‌తో పాటు రోగిని పూర్తిగా శుభ్రమైన గుడ్డతో కప్పడం, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో శుభ్రం చేయడం, వీలైతే గజ్జల గొట్టం మానడం, అవసరం తీరగానే గొట్టం తీసేయడం. గొట్టాల ఇన్‌ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయి. పై పనులలో ఏదైనా తప్పితే ఆపించే అధికారం అక్కడి నర్సులకు ఇచ్చారు. మా నర్సింగ్ పిల్లలకు నేను పదే పదే చెప్పేది ఇదే.

ఇంటి దగ్గర మీరు చేయవలసినవి:

- గొట్టం మీది కట్టు తడవనీయకండి. తల మీద నుండి స్నానం, చెరువు, కాలువ స్నానం వద్దు. ఒళ్ళు తుడుచుకోండి.
- కట్టు ఊడినా, తడిసినా, చీము గాని రక్తం గాని కనపడినా అదే రోజు రండి.
- మూతలు మీరు తీయకండి, ఎవరినీ తీయనీయకండి. డయాలసిస్ గొట్టంలో నుండి బయట ఎక్కడా సెలైన్ పెట్టించుకోకండి, రక్తం తీయించుకోకండి.
- గొట్టాన్ని యంత్రానికి కలిపేటప్పుడు, విడదీసేటప్పుడు మీరు కూడా మాస్కు పెట్టుకోండి.
- "ఈ గొట్టం ఇంకా అవసరమా?" అని డాక్టరును అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.
- డయాలసిస్ ఎక్కువ కాలం అవసరమని తెలిస్తే చేతికి ఫిస్టులా ఆపరేషను త్వరగా చేయించుకోండి. అది వాడుకకు రావడానికి సాధారణంగా ఆరు వారాలకు పైనే పడుతుంది. ఫిస్టులా పెట్టే చేతి సిరలను సూదులతో పాడుచేయనీయకండి.

గుర్తుంచుకోండి

1. గొట్టం ఉన్నవారికి చలి, వణుకుతో జ్వరం వస్తే, వేరే కారణం తేలే వరకు గొట్టాన్నే అనుమానించాలి.
2. రక్తంలో క్రిమి ఉందని చెప్పేది కల్చర్. అది ఎక్కడ దిగిందో చూపించేది స్కానింగు.
3. జ్వరం తగ్గడం ఒక్కటే చాలదు. రక్తం కూడా శుభ్రమైందని కల్చర్‌లో తేలాలి.
4. నడుము నొప్పి, ఆయాసం, చేయి వాపు, చూపు మసక, కాళ్ళ బలహీనత, వీటిలో ఏది వచ్చినా దాచకండి.
5. స్కానింగు ఎందుకో అర్థం కాకపోతే సంతకం పెట్టి వెళ్ళిపోకండి. "దీనివల్ల చికిత్సలో ఏమి మారుతుంది?" అని అడగండి. ఖర్చు కష్టమైతే ఆ మాటే డాక్టరుకు గాని, వార్డు సిస్టరుకు గాని చెప్పండి. ఏ పరీక్ష ముందు, ఏది తరువాత, ప్రభుత్వ పథకంలో ఏది వస్తుంది అన్నది కూర్చుని ఆలోచించవచ్చు.

ఈ పేజీని గొట్టం ఉన్న రోగి ఫైలులో పెట్టి ఉంచండి. మీ ఇంట్లో అవసరం లేకపోతే, మీ వీధిలో డయాలసిస్‌కు వెళ్ళే వారెవరైనా ఉంటే వారికి చదివి వినిపించండి.

- నర్సింగ్ సూపరింటెండెంట్